ముందు నీళ్లు, తర్వాతే బండి

రోహిణి కార్తెల రోళ్లు పగుల్తయంటరు గదా, మహారాష్ట్రల మా చంద్రపూర్ దిక్కు రోహిణి దాకా ఆగే ఓపిక ఎండకి ఉండదు, ఏప్రిల్‌లనే పగలగొడ్తది. పక్కింటి మరాఠోళ్లు మే 25 నుంచి తొమ్మిది రోజులు నవతపా అంటరు, మనం రోహిణి అంటం, పేరు ఏదైతేంది, మాడేది అందరికీ ఒకే నెత్తి. 2019 మే నెలాఖర్ల ఇక్కడ 48 డిగ్రీలు చూసినం. పశువుల డాక్టర్‌నని నాకు ఈసారి వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్‌ల పెట్టిన వాయిస్ మెసేజ్‌లు మొత్తం ఒకటే గోడు, కుక్కకి ఎండదెబ్బ, పిల్లికి ఎండదెబ్బ, పిట్టలకి ఎండదెబ్బ. గోమార్ల గురించి, టీకాల గురించి అడిగినోళ్లు జర ఓపిక పట్టుండ్రి, మీయి వచ్చే నెల చూస్తా.

ప్రశ్న (రాజురా నుంచి ఒక అన్న): డాక్టరమ్మా నమస్తే. మా లాబ్రడార్ పేరు షేరు, ఐదేండ్లది, జర లావుంటది. పోయిన నెల ఒక ఆదివారం పొద్దున ఏడున్నరకి రోజు లెక్కనే నా స్కూటీ ఎంబడి ఉరికించిన, రెండు కిలోమీటర్లు గూడ కాలే, వాపస్ వచ్చేటప్పుడు ఎనకబడ్డది, నాలుక ఒక దిక్కు ఏలాడేసింది, నోట్లకెళ్లి తీగలు తీగలు సొల్లు, తాగినోని లెక్క తూలింది. ఇంటికి తెచ్చి నీడకి పండబెట్టి తడి గోనెసంచి కప్పిన, ఒళ్లు కాలుతుంటే జ్వరమనుకొని సగం పారాసిటమాల్ గోళీ పెరుగుల కలిపి పెట్టిన, కక్కింది. ఆటో దొరికి దవాఖానకి పోయేసరికి తొమ్మిదిన్నర దాటింది. సెలైన్ ఎక్కించిన్రు, సాయంత్రానికి లేచి తోక ఊపింది, నీళ్లు తాగింది, బతికిందనుకొని ఇంటికి తెచ్చుకున్నం. తెల్లారి నెత్తురు విరేచనాలు, పదకొండింటికి పోయింది. పొద్దున ఏడింటికి ఎండదెబ్బ ఏందమ్మా? ఇంట్ల అందరు నన్నే అంటున్నరు, నేను చేసిన తప్పేందో చెప్పుండ్రి.

జవాబు: అన్నా, మీ మెసేజ్ రెండుసార్లు విన్న. ఇంట్లోళ్లు మిమ్మల్ని అనుడు న్యాయం కాదు, మీరు చేసినయన్నీ మన దిక్కు అందరం చేసేటియే, నేను డాక్టర్‌నయినంక గూడ చేసినయి ఉన్నయి అందుల. కానీ అడిగిన్రు కాబట్టి దాచకుండ చెప్తా, ఇంకో ఇంట్ల ఇంకో షేరు మిగుల్తది.

కుక్కకి మన లెక్క ఒళ్లంత చెమట పట్టదు. కాళ్ల మెత్తల కింద కొద్దిగ పడ్తది, అది లెక్కలకి రాదు. దానికి దేవుడిచ్చిన కూలర్ ఒక్కటే, నాలుక. అది రొప్పుతుందంటే నాలుక మీద, గొంతుల ఉన్న తడిని గాలికి ఆరబెట్టి రక్తాన్ని చల్లార్చుకుంటుందన్నట్టు. ఇగ పరుగు పెట్టించినమనుకో, కండలల్ల వేడి పుడ్తనే ఉంటది, ఆ చిన్న నాలుక ఎంతని మోస్తది? అందుకే ఎండదెబ్బకి ఎండనే ఉండాలని లేదు. బ్రిటన్‌ల 2020ల కుక్కల కేసులు చూసి లెక్కగడితే నాలుగింట్ల మూడు వంతులు ఉరుకుడు, ఆడుడు, నడుసుడు వల్ల వచ్చినయే తేలినయి, కార్లల ఇరుక్కొని వచ్చినయి చాన తక్కువ. అంత చల్లటి దేశంలనే గట్లుంటే రాజురాల ఏప్రిల్ ఏడున్నర సంగతి మీరే ఆలోచించుండ్రి. దానికి తోడు లాబ్రడార్, లావు, యజమాని బండి ముందుకి పోతుంటే పానం పోయినా ఆగని జాతి. స్కూటీ మీద మీ మొఖానికి గాలి తగుల్తది, దాని కడుపు తారు రోడ్డుకి మూరెడు ఎత్తుల ఉంటది, కిందికెళ్లి సెగ. మీకు చల్లటి పొద్దు, దానికి పెనం.

గోనెసంచి సంగతి. తడి బట్ట కప్పితే మొదట రెండు మూడు నిమిషాలు మంచిగనే ఉంటది, తర్వాత ఆ బట్టనే ఒంటి వేడికి వెచ్చగయ్యి, లోపట ఆవిరి పోకుండ పట్టుకుంటది, ఉడికే బియ్యం మీద మూత పెట్టినట్టు. తడి సంచి కింద పరిచి దాని మీద పండబెట్టుండ్రి, పర్వాలేదు, పైన కప్పొద్దు. పైన నీళ్లు పోస్తనే ఉండాలె, గాలి కొడ్తనే ఉండాలె, రెండూ కలిస్తెనే పని.

గోళీ సంగతి ఇంకా ముఖ్యం, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే కేసులల్ల ఎక్కువ మంది ఏదో ఒక జ్వరం గోళీ వేసే వస్తరు. జ్వరం వేరు, ఎండదెబ్బ వేరు. జ్వరంల మెదడే ఒళ్లుని వేడి చెయ్యమని చెప్తది, గోళీ పోయి ఆ మాటని మారుస్తది. ఎండదెబ్బల మెదడు తగ్గించుమని మొత్తుకుంటనే ఉంటది, ఒళ్లుకి చాత కాదు. గోళీ పోయి మార్చేటందుకు అక్కడ మాటే లేదు, పైగా అప్పటికే దెబ్బతిన్న కాలేయం మీద, కిడ్నీల మీద ఇంకో బరువు. ఐబుప్రొఫెన్, నిమెసులైడ్ అసొంటి మనుషుల నొప్పి గోళీలు ఇంకా పాడు, కడుపుల పుండ్లు, కిడ్నీలకి దెబ్బ. ఎండదెబ్బకి ఇంట్ల ఉన్న మందు నీళ్లు, ఇంకోటి లేదు.

ఇగ అసలైంది, ఆ రెండు గంటలు. ఇజ్రాయెల్‌ల పశువైద్యులు 1999 నుంచి 2004 దాకా వచ్చిన 54 కుక్కల కేసులు చూసిన్రు, అన్నీ ఎండదెబ్బవే, సగం చనిపోయినయి. గంటన్నర దాటి దవాఖానకి వచ్చినవాటికి ముప్పు ఎక్కువని తేలింది. మన దగ్గర గంటన్నరల ఆటో దొరుకుడే కష్టం, దొరికినా లెవెల్ క్రాసింగ్ దగ్గర బొగ్గు రైలు పోయేదాకా ఆగాలె. అందుకే నేను ఎవరికి ఫోన్‌ల చెప్పినా ఒకటే చెప్తా, ముందు నీళ్లు, తర్వాతే బండి. పడిపోయిన జాగల, పడిపోయిన నిమిషంల, ఎవరింటి నల్లా అయినా సరే, బోరింగ్ అయినా సరే, కిరాణ దుకాణపు డ్రమ్ము అయినా సరే. మీరు ఇంటిదాకా తెచ్చిన ఆ పది నిమిషాలు, ఆటో కోసం చూసిన ఆ గంట, లోపట అది ఉడుకుతనే ఉన్నది.

మరి సాయంత్రం లేచి తోక ఊపింది గదా అంటరు. ఒంటి వేడి 41, 42 డిగ్రీల సెల్సియస్ (ఫారన్‌హీట్‌ల 106, 108 దగ్గర) దాటితే పేగుల లోపటి పొర రాలిపోతది, అక్కడి సూక్ష్మజీవులు రక్తంలకి పోతయి, రక్తం గడ్డకట్టే సరుకంతా ఎక్కడపడితే అక్కడ ఖర్చయిపోయి, అసలు కావాల్సినప్పుడు ఉండదు. ఇదంత ఒక్క గంటల బయటపడదు, ఒక రోజు, రెండు రోజులు, మూడో రోజు గూడ పట్టొచ్చు. నేను కొత్తగ ప్రాక్టీస్ పెట్టినప్పుడు ఒక పగ్ వచ్చింది, రెండు గంటలు చల్లార్చినం, వేడి దిగింది, పాలు తాగింది, రాత్రి ఇంటికి పంపిచ్చిన, తెల్లారి ఆ ఇంటామె ఫోన్ చేసి ఏడుస్తుంది, పొట్ట మీద ఊదా రంగు మచ్చలు వచ్చినయంట, మూత్రం చాయ్ రంగుల పోసిందంట, నేను పోయేసరికి అయిపోయింది. తప్పు నాదే, రక్త పరీక్ష చేసి రెండు రోజులు ఉంచుకోవాల్సింది. అప్పటికెళ్లి లేచి ఉరికినా సరే ఎండదెబ్బ కుక్కని అదే రోజు పంపియ్య. మీరు గూడ ఇంకోసారి అసొంటిది అయితే డాక్టర్ పొమ్మన్నా ఉంచుకోమని అడుగుండ్రి, మొహమాటం వద్దు.

ప్రశ్న (సిరొంచ నుంచి డిగ్రీ చదివే అమ్మాయి): మేడం, మాది నది ఒడ్డు ఊరు, కుక్కల కోసం ప్రత్యేకం డాక్టర్ లేరు, చంద్రపూర్ పోవాలంటే గంటలకి గంటలు, నది దాటి తెలంగాణ దిక్కు పోయినా పెద్ద దవాఖాన దూరమే. మా ఇంట్ల నాటు కుక్క ఉన్నది. అది మామూలుగ రొప్పుతుందా ఎండదెబ్బ తగిలిందా ఎట్ల తెల్వాలె? చల్లటి నీళ్లు ఒక్కసారిగ పోస్తే గుండె ఆగుతదని మా తాత అంటడు, నిజమేనా?

జవాబు: బిడ్డా, మంచి ప్రశ్న. మామూలుగ రొప్పే కుక్క నీడకి పోయి పండితే పది నిమిషాలల్ల నిమ్మళిస్తది, పిలిస్తే చెవులు లేపుతది, నీళ్లు పెడితే తాగుతది. ఎండదెబ్బ తగిలింది నీడల ఉన్నా తగ్గదు, ఇంకా పెరుగుతది, నాలుక ముందుకొచ్చి కొస వెడల్పుగ గరిటె లెక్క అయితది, పిలిస్తే చూపు నీ మీద ఉండదు. పెదవి లేపి చిగుళ్లు చూడు, మామూలుగ లేత గులాబి రంగుంటయి, ఎండదెబ్బ మొదట్ల ఇటుక ఎరుపు అయితయి, ముదిరితే తెల్లగనో నీలంగనో మారుతయి. ఏలు పెట్టి చిగురు ఒత్తి వదిలితే తెల్లటి మరక రెండు సెకండ్లల్ల మళ్ల ఎర్రగ కావాలె, కాకపోతే రక్తం సరిగ తిరగట్లేదు. ముట్టుకుంటే చిగురు జిగట జిగటగ ఉంటది. సొల్లు పలచగ కారుడు పోయి చిక్కటి తీగలైతది. కక్కుడు, విరేచనం, ఎనక కాళ్లు తడబడుడు, తర్వాత మూర్ఛ. మూర్ఛ దాకా ఆగొద్దు, తడబడినప్పుడే బకెట్ పట్టు.

థర్మామీటర్ ఒకటి కొనుక్కో, మెడికల్ షాపుల దొరికే మామూలు డిజిటల్‌దే, కొసకి కొబ్బరినూనె రాసి మలద్వారంల ఒక అంగుళం పెట్టాలె. (దాని మీద పెన్నుతోని కుక్కది అని రాసి పెట్టు, మా ఇంట్ల ఒకసారి పెద్ద రామాయణం అయ్యింది.) కుక్కకి మామూలే 100.5 నుంచి 102.5 ఫారన్‌హీట్, అంటే మనకన్నా వేడి, కాబట్టి 101 చూసి పరేషాన్ కావొద్దు. ఎండల తిరిగొచ్చింది 104 దాటితే తడుపుడు షురూ చెయ్యి, 106 దగ్గరికి పోతే పానం మీదికి వచ్చినట్టే.

తాత మాట సంగతి. చాన ఏండ్లు డాక్టర్లం గూడ చల్లటి నీళ్లు వద్దనే చెప్పినం, గుండె ఆగుతదని కాదు, చల్లటియి పోస్తే చర్మంల నాళాలు ముడుచుకొని వేడి లోపటనే ఆగిపోతదని, గోరువెచ్చటియే పొయ్యాలని. ఇప్పుడు ఆ మాట మార్చుకున్నరు. ఒంటికన్నా చల్లగ ఉన్న ఏ నీళ్లయినా మేలే, ఆలస్యమే చెడ్డది. వయసుల ఉండి, ఆరోగ్యంగ ఉండి, ఉరికి పడిపోయిన కుక్కని మెడ దాకా చల్లటి నీళ్ల తొట్టిల కూసోబెట్టొచ్చు, తల పైకి పట్టుకోవాలె అంతే. ముసలిదైతే, గుండె జబ్బుదైతే, ముక్కు చప్పిడిదైతే తొట్టి వద్దు, నల్లా నీళ్లు పోసుకుంట ఫ్యాను పెట్టు. తాతకి ఇట్ల చెప్పు, చల్లటి నీళ్లు వద్దన్నది ఒకప్పుడు పుస్తకంలనే ఉండె తాతా అని, సంబురపడ్తడు.

ఒక్క జాగ్రత్త, ఇది మన దిక్కే చెప్పాలె. మిద్దె మీది నల్ల ట్యాంకు నీళ్లు మే నెల పన్నెండింటికి చాయ్ పెట్టుకోవచ్చు అన్నట్టుంటయి. నల్లా తిప్పి చెయ్యి పెట్టి చూడు, కాలితే అవి పారబొయ్యి, లేకపోతే బోరింగ్ కొట్టు, రంజన్‌ల (మట్టి కుండల) నీళ్లుంటే వాటినే వంపు, రేపు మళ్ల నింపుకోవచ్చు. వీపు మీద పోసి ఊకోవద్దు, బొచ్చు మీదికెళ్లి జారిపోతయి, వేళ్లతోని బొచ్చు పాయలు తీసి చర్మానికి తగలనియ్యి. కడుపు కింద, చంకలల్ల, తొడల సందుల, మెడకి, కాళ్లకి. ముక్కుల పోకుండ చూడు. తాగుతా అంటే కొద్దికొద్దిగ తాగనియ్యి, సోయి లేని దాని నోట్ల మాత్రం చుక్క గూడ పొయ్యొద్దు, ఊపిరితిత్తులల్లకి పోతది. థర్మామీటర్ల 103 చూపెట్టంగనే నీళ్లు ఆపెయ్యి, అంతకన్నా పోస్తే ఇంకా దిగి చల్లబడిపోతది. థర్మామీటర్ లేకపోతే రొప్పుడు నిమ్మళించి, పిలిస్తే చూసేదాకా పొయ్యి. అప్పుడు బండి ఎక్కించు, తడిగనే, అద్దాలు తీసి, జీపు అయితే ఇంకా మంచిది. 1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వస్తది, టోల్ ఫ్రీ, అది వచ్చేదాకా నీ చెయ్యి నీళ్ల మీదనే ఉండాలె.

ఇసుకల గూడ పగలు తిప్పకు. నది ఎండినంక ఆ ఇసుక మీద చెప్పులు లేకుండ నువ్వు నడువగల్గుతవా?

ప్రశ్న (ధర్మాబాద్ నుంచి ఒక అక్క): మా పర్షియన్ పిల్లి నిన్న మధ్యాహ్నం కుక్కలాగా నోరు తెరిచి రొప్పిందండి, కరెంటు పోయి మూడు గంటలైంది. పక్కింటి కాకూ వచ్చి ఉల్లిగడ్డ దంచి రసం కొంచెం తాగించు, కొంచెం పాదాలకి రాయి అన్నారు, మా ఆయన చిన్నపిల్లల పారాసిటమాల్ సిరప్ రెండు చుక్కలు వేద్దామన్నారు. నాకెందుకో భయమేసి రెండూ వేయలేదు, తడి గుడ్డతో తుడిచి మెట్ల కింద చల్లటి బండ మీద పడుకోబెట్టాను, గంటకి తేరుకుంది. నేను చేసింది సరైనదేనా?

జవాబు: అక్కా, మీ భయానికి దండం పెట్టాలె. పారాసిటమాల్ పిల్లికి విషం. ఇది మాట వరుసకి చెప్తలేను, పిల్లి కాలేయంల ఆ మందుని విరగ్గొట్టే శక్తి దాదాపు లేదు, ఒక్క గోళీ చాలు పానం తీసేటందుకు, చిగుళ్లు మట్టి రంగుకి తిరుగుతయి, మొఖం ఉబ్బుతది, ఊపిరి అందదు. చుక్కలైనా సరే వద్దు.

ఉల్లిగడ్డ. మన దిక్కు ఎండల పోయేటోళ్లు జేబుల ఉల్లిగడ్డ పెట్టుకుంటరు, మా నాయన బొగ్గు గనిల మొదటి షిఫ్టుకి పోతుంటే మా అమ్మ పచ్చి ఉల్లిగడ్డ కట్టి ఇచ్చేది, నాకు ఆ వాసనంటే ఇప్పటికీ మా నాయన గుర్తొస్తడు. అది మనుషులకి. కుక్కల, పిల్లుల ఎర్ర రక్త కణాలని ఉల్లిగడ్డ పగలగొడ్తది, కుక్కకన్నా పిల్లికి ఇంకా తొందరగ, వండినా అంతే, ఎల్లిగడ్డ గూడ అంతే. పాదాలకి రాసినా నాకుకుంటది గదా. కాకూని ఏమనకుండ్రి, ఆమె మంచికే చెప్పింది.

పిల్లి నోరు తెరిచి రొప్పుడు మామూలు కాదు. కుక్క రోజంతా రొప్పుతది, పిల్లి రొప్పిందంటే ఆఖరు నిమిషంల ఉన్నట్టే లెక్క, ఎండదెబ్బ కావొచ్చు, గుండె కావొచ్చు, ఊపిరితిత్తుల నీళ్లు కావొచ్చు. తేరుకుంది కదా అని ఊకోకుండ ఒకసారి గుండె చూపెట్టుండ్రి. తడి గుడ్డతోని తుడుసుడు, చల్లటి బండ, రెండూ సరైనయే, పిల్లిని బకెట్ల ముంచితే భయానికే సగం సస్తది కాబట్టి చెవులు, పాదాలు, కడుపు తడిపి విసనకర్రతోని విసురుడే మేలు. పర్షియన్ అయితే చంకల కింద, తొడల మధ్య బొచ్చు జడలు కడ్తది, వారం వారం దువ్వుండ్రి. నీళ్లు ఇంట్ల మూడు నాలుగు జాగలల్ల పెట్టుండ్రి, మలం బాక్స్ పక్కన పెట్టిన నీళ్లు అది ముట్టదు, మహా పట్టింపు. తాళం వేసేముందు స్టోర్ రూంల, బీరువాల దూరిందేమో చూసుకోండ్రి.

ప్రశ్న (కిన్వట్ నుంచి ఏడో తరగతి పిలగాడు, వాళ్లక్క ఫోన్ నుంచి): డాక్టర్ ఆంటీ నా లవ్ బర్డ్స్ ఆరు ఉండె. వరండాల రేకుల కింద పంజరం ఉంటది. సోమవారం స్కూల్ నుంచి వచ్చేసరికి రెండు చనిపోయినయి. మిగిలిన నాలుగు నోరు తెరిచి రెక్కలు దూరం పెట్టుకొని కూసుంటున్నయి. మా ఫ్రెండ్ దగ్గర రామచిలక ఉన్నది దానికేం కాలేదు.

జవాబు: బేటా, రెక్కలు దూరం పెట్టి నోరు తెరిచినయంటే అవి ఉడుకుతున్నయని. పిట్టలకి చెమటే పట్టదు. ఈ మెసేజ్ చదవంగనే పంజరం రేకుల కిందికెళ్లి తియ్యి, ఇంట్ల కింది అర్రల, గోడ పక్కన, నేల మీద పెట్టు, పిల్లి లేదు గదా ఇంట్ల? రేకు మీద ఎండ పడితే ఆ సెగ మొత్తం కిందికే దిగుతది, నీడ అని మనం అనుకుంటం, అది పొయ్యి మీది మూత. పూలకి నీళ్లు చల్లే స్ప్రే డబ్బా ఉంటది కదా, దాంతోని పిట్టల మీద సన్నగ మంచు లెక్క కొట్టు, నాన్పొద్దు. వెడల్పు పళ్లెంల అంగుళం నీళ్లు పెట్టు, స్నానం చేస్తయి. తాగే నీళ్లు పొద్దున ఒకసారి, స్కూల్‌కెళ్లి వచ్చి ఒకసారి మార్చు. పంజరం మొత్తం తడి బట్టతోని కప్పొద్దు, ఒక దిక్కే కట్టు, గాలి ఆడాలె. నీ పిట్టలు పోయినయి నీ తప్పు కాదు, రేకుల కింద కట్టింది పెద్దోళ్లు.

నీ దోస్త్‌కి ఒక మాట చెప్పు, రామచిలకని ఇంట్ల పెంచుడు నేరం, 1972 చట్టం ప్రకారం. పెద్దోళ్లకి చెప్పి అటవీ శాఖోళ్లకి అప్పజెప్పుమను.

ప్రశ్న (బల్లార్షా, కాలనీ క్వార్టర్ల నుంచి): మా తమ్ముడు పుణెకెళ్లి హస్కీ కుక్కపిల్లని తెచ్చిండు, ఇప్పుడు ఏడాదిన్నర. మాకు ఇంతకుముందే ఒక పగ్ ఉన్నది. ఇంట్ల ఏసీ లేదు, కూలర్ ఉన్నది. హస్కీకి గుండు గీయిస్తే చల్లగుంటదని పెట్ షాపోళ్లు అన్నరు, చెయ్యించాల్నా?

జవాబు: బల్లార్షాకి మంచు దేశపు హస్కీ! మీ తమ్ముణ్ణి ఒక మే నెల స్వెట్టర్ వేసుకొని గోల్ బజార్ల తిరగమనుండ్రి. సరే, తెచ్చిన్రు, అది మీ పిల్ల, ఇప్పుడు కాపాడుకోవాలె.

గుండు వద్దు. హస్కీకి రెండు పొరల బొచ్చు, లోపటి మెత్తటి పొర, పైన పొడుగు పొర, ఆ పై పొర ఎండని చర్మం దాకా రానియ్యదు. మొత్తం గీకేస్తే చర్మం కాలుతది, మళ్ల బొచ్చు సరిగ రాకపోవచ్చు. లోపటి పొర ఇప్పుడు గుబురుగుబురుగ రాలుతది చూడుండ్రి, దాన్ని దువ్వెనతోని రోజు తీసెయ్యాలె, అదే పెద్ద మేలు, ఒక్కసారి దువ్వితే ఇంకో కుక్క అంత బొచ్చు వస్తది. కడుపు దిక్కు కొంచెం కత్తిరించుకోవచ్చు.

కూలర్ మీద జర వివరంగ చెప్పాలె. మన దగ్గర ఏప్రిల్, మేలల్ల గాలి ఎండిపోయి ఉంటది కాబట్టి కూలర్ బ్రహ్మాండంగ పని చేస్తది, కానీ తలుపులు కిటికీలు బంద్ చేసి పెడితే ఆ తేమంతా లోపటనే నిండి, కూలర్ తిరుగుతనే ఉంటది, లోపట ఉక్కపోత. కుక్క రొప్పి చల్లార్చుకునేది తడి ఆరుడు మీద కదా, గాలిల తేమ నిండితే దాని నాలుక పనికిరాదు. ఎదురు కిటికీ తీసి పెట్టుండ్రి. మిరుగు దాటి వానలు పడ్డంక ఎండ తగ్గినట్టనిపిస్తది, 35 డిగ్రీలే అంటం, కానీ ఆ ఉబ్బరంల మే నెలకన్నా తక్కువేం లేదు, జులైల గూడ జాగ్రత్త. ఉత్త ఫ్యాను కింద పొడి కుక్కని పండబెడితే లాభం లేదు, బయట 45 సెల్సియస్, దాని ఒళ్లు 39, ఫ్యాను వేడి గాలిని దాని మీదికి తోస్తది అంతే. తడిపి ఫ్యాను వెయ్యుండ్రి.

నాకు మాత్రం హస్కీకన్నా మీ పగ్ గురించే రంధి. దాని ముక్కు రంధ్రాలు పెసరగింజంత, గొంతుల కండ ఎక్కువ, గాలి లోపటికి పోవుడికే కష్టపడాలె, ఆ కష్టానికే మళ్ల వేడి పుడ్తది. గురక పెడితే ముద్దుగుందని వీడియో తీస్తరు గదా, అది ఊపిరి ఆడక పెట్టేది. బరువు తగ్గించుండ్రి, మెడ పట్టా తీసి ఛాతీకి వేసే పట్టా వెయ్యుండ్రి. రెండింటినీ పొద్దున ఐదున్నర లోపు తిప్పి తెచ్చుకోండ్రి, సాయంత్రం సూర్యుడు పోయినా రోడ్డు పోదు, చెయ్యి మడిచి వెనుక భాగం తారు మీద పెట్టి ఏడు అంకెలు లెక్కపెట్టుండ్రి, పెట్టలేకపోతే అవి గూడ నడవలేవు. మే నెల ఆటలు బంద్, బంతి అటక మీద పెట్టెయ్యుండ్రి.

ప్రశ్న (దెగ్లూర్ నుంచి): చుట్టాల పెళ్లికి కారుల నిజామాబాద్ పోతున్నం, కుక్కని గూడ తీసుకపోవాలె, దారిల టిఫిన్‌కి ఆగినప్పుడు అద్దం కొంచెం దించి కార్ల ఉంచితే పర్వాలేదా?

జవాబు: పర్వా ఉన్నది. అద్దం రెండు వేళ్లంత దించినా దించకపోయినా లోపటి వేడి దాదాపు ఒకే తీరుగ పెరుగుతది, పెరిగేదాంట్ల ఎక్కువ భాగం మొదటి అరగంటలనే. బయట 35 ఉన్నా అరగంటల లోపట 50 దాటుతది. మీ ఇడ్లీ వచ్చేలోపట అయిపోతది పని. ఒకరు తినుండ్రి, ఒకరు కుక్కని పట్టుకొని చెట్టు కింద నిలబడుండ్రి, తర్వాత మారుండ్రి. పెళ్లిల డీజే దగ్గర కట్టేసి మరిచిపోయేటట్టుంటే ఇంట్లనే ఎవరికన్న అప్పజెప్పి పోవుడు నయం.

ప్రశ్న (గడ్‌చాందూర్ నుంచి): మా గల్లీల కుక్కల కోసం సిమెంటు తొట్టి కొని ఇంటి ముందర పెట్టినం, రోజు నింపుతున్నం, కానీ మధ్యాహ్నం ఒక్క కుక్క గూడ ముట్టట్లేదు, పొద్దుమూకినంక వస్తున్నయి. నీళ్లల్ల ఏమన్న వాసన వస్తుందా?

జవాబు: వాసన కాదు, తొట్టి ఎండల ఉన్నట్టుంది. మధ్యాహ్నం మీరే ఒకసారి ఏలు ముంచి చూడుండ్రి, తెలుస్తది. తూర్పు మొఖం ఇల్లయితే పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా ఎండ తగిలి ఆ సిమెంటు సాయంత్రం దాకా చల్లారదు. యాపచెట్టు కిందికో, గోడ నీడ పడే దిక్కుకో జరుపుండ్రి, బరువుంటది, ఇద్దరు పట్టుండ్రి. కొత్త తొట్టి అయితే రెండు మూడు రోజులు నీళ్లు నింపి పారబోసి వాడితే సిమెంటు సున్నం పోతది. లోపట ఒక రాయి వెయ్యుండ్రి, నీళ్ల పైకి కనబడేటంత, తేనెటీగలు, తొండలు పడితే ఎక్కి బయటపడ్తయి. రెండు రోజులకి ఒకసారి పీచుతోని తోముండ్రి, లేకపోతే దోమలు. ఆ పారబోసే నీళ్లు ఊకె మోరిల పొయ్యకుండ్రి, చెట్టు మొదట్ల పొయ్యుండ్రి, కుక్కలు వచ్చి ఆ తడి మట్టిల గుంత తీసుకొని కడుపు ఆనిచ్చి పంటయి.